క్యాజువాలిటీలో పెద్దవాళ్ల పక్కన ఒకరుండండి

జైపూర్, ఇందారం, పెగడపల్లి ఊర్ల వాళ్లకు, శ్రీరాంపూర్, గోదావరిఖని కాలనీల సింగరేణి కుటుంబాలకు ఒక మనవి.

2023లో వెలువడిన జాతీయ అధ్యయనం మన దేశంలో అరవై దాటినవారిలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా (మతిమరుపు జబ్బు) ఉందని అంచనా వేసింది. బాయి పని చేసి దిగిపోయిన మన పెద్దలూ ఆ వయసులోనే ఉన్నారు. ఇంట్లో ఉన్నన్నాళ్లు చాదస్తమని సర్దుకుపోతాం. అర్ధరాత్రి 108 ఎక్కించాల్సి వచ్చిననాడు అసలు కష్టం తెలుస్తుంది.

కొత్త గది, కండ్లల్ల పడే లైట్లు, చేతికి సూది. ఏండ్ల తరబడి నైట్ షిఫ్ట్ చేసిన మనిషి సెలైన్ పైపు పీకి, "డ్యూటీ టైమైంది, మస్టర్ పోతది" అని మంచం దిగబోతాడు. దయచేసి కసురుకోకండి, వాదించకండి. చెయ్యి పట్టుకొని "ఇయ్యాళ ప్లే డే, రేపు పోదాం" అనండి. ఎరిగిన గొంతు వింటే భయం కొంత తగ్గుతుంది. చేతులు కట్టేస్తే ఇంకా పెరుగుతుంది.

డాక్టరుకు ముందుగా చెప్పాల్సింది నిన్న ఎట్లున్నాడు, ఇయ్యాళ ఎట్లున్నాడు అన్నదే. నిన్నటిదాకా మనుమరాలిని పేరు పెట్టి పిలిచినాయన పొద్దటి నుంచి ఎవరినీ గుర్తుపట్టకపోతే అది మతిమరుపు ముదరడం అనుకోవద్దు. మూత్రంలో ఇన్ఫెక్షన్, ఒంట్లో నీళ్లు తగ్గడం, సోడియం పడిపోవడం, కొత్త మందు పడకపోవడం, ఏదైనా కావచ్చు. వీటిలో చాలావాటికి వైద్యం ఉంది. వయసు మీద పడిందిలే అనుకుంటే ఆ వైద్యమే అందదు.

అందుకే ఇప్పుడే ఒక కాగితం రాసి మెడికల్ కార్డుతో పాటు పెట్టండి. వాడే మందులు, పడని మందులు, ఏ చెవి వినపడుతుంది, నొప్పి లేస్తే ఏం చేస్తాడు, ఎవరి కోసం కలవరిస్తాడు. కండ్లద్దాలు, చెవి మిషన్ మరవద్దు.

ఆస్పత్రుల సిబ్బందికి కూడా చేతులు జోడించి అడుగుతున్నాం: అటెండెంట్లను బయటికి పంపేటప్పుడు, ఇట్లాంటి పేషెంటు దగ్గర మాత్రం ఒకరిని ఉండనివ్వండి. బ్రిటన్‌లో తన తండ్రి జాన్‌ను కోల్పోయిన రచయిత్రి నికీ జెరార్డ్ 2014లో ఇదే కోరుతూ ఉద్యమం మొదలుపెట్టారు. అక్కడ ఎన్నో ఆస్పత్రులు ఒప్పుకున్నాయి.

కొడుకులు, బిడ్డలు హైదరాబాద్‌లో ఉండి, ఇద్దరే ముసలోళ్లు మిగిలిన క్వార్టర్లు మన కాలనీల్లో ఉన్నాయి. కార్మిక సంఘాల వాళ్లు, మహిళా సంఘాల అక్కలు, మీ వాడలో ఆ ఇండ్లేవో చూసుకొని, రాత్రి ఆస్పత్రికి తోడుపోయే ఇద్దరి ఫోన్ నంబర్లు వాళ్ల తలుపు వెనక రాసి పెట్టండి.