మొద్దుకు ఏ గొడ్డలి?

పిల్లలూ! పోయిన నెల నాగర్‌కర్నూలు దగ్గర ఒక పల్లెకు పెళ్ళికి వెళ్ళాను. ఇంట్లో గ్యాసు పొయ్యి ఉన్నా, పెళ్ళివంట మాత్రం పెరట్లో కట్టెల పొయ్యి మీదనే జరుగుతున్నది. ఒక కుర్రవాడు తళతళలాడే కొత్త గొడ్డలితో తుమ్మ మొద్దును కొడుతున్నాడు. గొడ్డలి దిగుతున్నది గాని, మొద్దు చీలటం లేదు. దిగిన గొడ్డలిని పీకటానికే పాపం అతని బలమంతా సరిపోతున్నది.

ఇంతలో ఒక ముసలాయన లావుపాటి పాత గొడ్డలి తెచ్చి, రెండు దెబ్బల్లో ఆ మొద్దును రెండు చేశాడు.

"నా గొడ్డలే గద తాతా పదునైనది?" అన్నాడు కుర్రవాడు.

"నీది నరికేటిది బిడ్డా. ఇది పలగ్గొట్టేటిది," అన్నాడు ముసలాయన.

ఈ తేడా ఏమిటో చూడండి. కట్టెలో నారలు నిలువుగా ఉంటాయి. నరకటమంటే వాటిని అడ్డంగా తెంచటం. అందుకు పలుచని పదును కావాలి. చీల్చటమంటే నారలను ఒకదానికొకటి ఎడంగా నెట్టటం. 12 సెంటీమీటర్ల పొడవు, వెనుక 4 సెంటీమీటర్ల మందం ఉన్న గొడ్డలి, రాపిడిని లెక్కలోకి తీసుకోకపోతే, మన బలాన్ని మూడు రెట్లు చేస్తుంది. మందం 2 సెంటీమీటర్లే అయితే ఆరు రెట్లు! మరి పలుచనిదే మేలు కదా అంటారేమో. కాని అది తెరిచే పగులు చిన్నది. నారలు ఊడిపోక, గొడ్డలిని రెండు వైపులా పట్టేస్తాయి. మన గుట్టల్లో రాయి కొట్టేవారు గుండుకు వరుసగా గుంటలు తొలిచి, వాటిలో ఇనుప ముక్కలు దిగగొట్టి చీల్చటం మీరు చూసే ఉంటారు. అక్కడా ఇదే కిటుకు.

చింత మొద్దుతో మాత్రం పంతం పట్టకండి. దాని నారలు మెలికలు తిరిగి ఉంటాయి. మాంసం కొట్టేవారు దానినే ఏరి పెట్టుకునేది అందుకే.

బరువు మాటకు వస్తే, గొడ్డలి బరువు రెట్టింపైతే దెబ్బలోని శక్తి రెట్టింపవుతుంది. వేగం రెట్టింపైతే నాలుగు రెట్లవుతుంది. ఎత్తలేని గొడ్డలి ఎందుకు?

ఇక కామ. గొడ్డలి కొనేటప్పుడు నేను ముందు చూసేది దానినే. నా చిన్నతనంలో కామ వదులైతే, గొడ్డలిని రాత్రంతా నీళ్ళతొట్టిలో వేసేవాళ్ళం. కట్టె నీరు పీల్చి, ఉబ్బి, బిగుసుకునేది. ఇనుము కదలనివ్వదు గనుక, ఉబ్బిన నారలు లోపలే నలిగిపోయేవి. ఎండకు ఆరిందంటే మునుపటికన్నా వదులు! నా పన్నెండో ఏట అలాంటి గొడ్డలినే పైకెత్తాను. ఇనుము ఊడిపోయి, వెనుక అరుగు మీద కూర్చున్న మా చెల్లెలి తలకు జానెడు దూరంలో గోడకు తగిలింది. ఆ గుంట ఇల్లు పడగొట్టేదాకా అట్లాగే ఉన్నది.

పెళ్ళింటి ముసలాయన కూడా తన గొడ్డలిని చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూశాడు. టకటకమని చప్పుడు రాలేదు. చుట్టూ చేరిన పిల్లలను దూరంగా పంపించి, అప్పుడు గాని దానిని కుర్రవాడి చేతికి ఇవ్వలేదు.