కావలూరు కొండకు మన పిల్లలను తీసుకుపోరా?

కుప్పం, వి.కోట వైపువారికి వాణియంబాడి తోళ్ల కార్ఖానాలు తెలుసు. ఆ ఊరికి ఆవల జవ్వాది కొండల్లో, కావలూరు వద్ద, పెద్ద దూరదర్శినులు ఉన్న సంగతి మాత్రం చాలామందికి తెలియదు. ఆ వేధశాలను నిలబెట్టిన వైను బప్పు హైదరాబాదులో పెరిగి నిజాం కళాశాలలో చదివినవారు.

1977 మార్చి 10 రాత్రి యురేనస్ గ్రహం ఒక చుక్కకు అడ్డం రావలసి ఉండగా, కావలూరులోని 1 మీటరు దూరదర్శినికి వెలుతురును కొలిచే పరికరం తగిలించి జె.సి. భట్టాచార్య, కె. కుప్పుస్వామి కాచుకొని కూర్చున్నారు. గ్రహం ఇంకా అడ్డు రాకముందే చుక్క వెలుతురు కొన్ని క్షణాలు తగ్గి, మళ్లీ వచ్చింది. అమెరికావారు విమానంలో నుండి చూసినదీ అటువంటిదే. యురేనస్ చుట్టూ వలయాలున్నాయని లోకానికి తెలిసింది అలాగే.

పరాయి సూర్యుల చుట్టూ తిరిగే గ్రహాలను నేడు పట్టుకొనే పద్ధతుల్లో ఒకటి ఇదే. బృహస్పతి అంతటి గ్రహం అడ్డు వస్తే సూర్యుని వంటి చుక్క వెలుతురు నూటికి ఒక పాలు తగ్గుతుంది. భూమి అంతదైతే పదివేలకు ఒక పాలైనా తగ్గదు. అంత చిన్న తేడాను పసిగట్టే పరికరం చేయడం ఒక జీవితకాలపు ఉద్యోగం.

ఆ ఉద్యోగం గురించి మన ఇంటరు పిల్లలకు చెప్పేవారేరీ? ఎం.పి.సి. అంటే ఇంజనీరింగు సీటు, లేకుంటే తల్లిదండ్రుల కన్నీళ్లు! వేధశాలకు ఫిజిక్సు చదివినవారే కాదు, ఫిట్టరు, టర్నరు, ఎలక్ట్రానిక్సు డిప్లొమావారూ కావాలి. 1986లో ప్రారంభమైన 2.3 మీటర్ల దూరదర్శిని అద్దాన్ని నునుపు చేసింది బెంగుళూరులోనే. 1982లో కన్నుమూసిన బప్పు దానిని చూడలేకపోయారు; దానికి ఆయన పేరే పెట్టారు. కుప్పం గ్రానైటు ఫ్యాక్టరీల్లో రాయికి పాలిషు పట్టే కుర్రాళ్లకు చేతి నిదానం కొత్త కాదు. అయితే ఈ అద్దంలో వెంట్రుక మందంలో వందో వంతు తప్పున్నా పనికిరాదు.

ఉద్యోగాలు కుప్పలుగా ఉన్నాయని అనడం లేదు. చదువుకు ఏళ్లు పడుతుంది, సాఫ్టువేరు జీతమూ రాదు. దారి ఒకటి ఉన్నదని తెలిస్తే కదా, పోయేదీ మానేదీ పిల్లలు తేల్చుకొనేది!

హైస్కూళ్ల విహారయాత్ర ఏటా కాణిపాకం, హార్సిలీ హిల్సుకే. ఒక్క ఏడాది బస్సును కావలూరుకు మళ్లించేటట్లు విద్యాశాఖ అధికారులు చొరవ చూపాలి. ముందుగా ఉత్తరం రాసి అనుమతి తీసుకోవాలి. వానాకాలం వద్దు, మాఘం, ఫాల్గుణం అయితే ఆకాశం తేటగా ఉంటుంది.