మౌస్ మీంచి చెయ్యి తియ్యండి సార్!

"మా ఆవిడకి గేమ్సంటే ఇంట్రస్టు లేదండీ!"... మన ఐటీ సోదరుల నోట ఈ డైలాగు ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. గేమ్ కొన్నారట, పక్కన కూర్చోబెట్టుకుని ఆడించారట, రెండు వారాల్లో ఆవిడ మానేసిందట. నాదొకటే డౌటు. ఆడించారా, లేక క్లిక్కులు నొక్కించుకున్నారా?

కలిసి ఆడుకోవాలనుకునే జంటకి టర్న్ బేస్డ్ స్ట్రాటజీని మించిన ఆట లేదని నా గట్టి నమ్మకం. ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ లాంటివాటిలో వేళ్ళ వేగం కావాలి. హాస్టల్లో నాలుగేళ్ళు రాత్రుళ్ళు మేలుకుని ఆడినవాడితో, నిన్న మొదలుపెట్టిన మనిషి పోటీ పడలేదు. టర్న్ బేస్డ్ ఆటలో ఆ గొడవే లేదు. చదరంగంలాగా తీరిగ్గా ఆలోచించుకోవచ్చు. మధ్యలో కుక్కర్ విజిలొచ్చినా, క్లయింటు కాలొచ్చినా కొంపేం మునగదు.

2016లో వచ్చిన సివిలైజేషన్ 6నే తీసుకోండి. ఒకే కంప్యూటర్ ఉంటే హాట్‌సీట్‌లో వంతులవారీగా ఆడొచ్చు, రెండు లాప్‌టాపులుంటే నెట్‌వర్క్‌లో ఒకే టీముగా చేరొచ్చు. టీముగా ఆడితే ఎవరి రాజ్యం వాళ్ళది, ఎవరి ఊళ్ళు వాళ్ళవి, గెలుపు మాత్రం ఉమ్మడి. స్టాండర్డ్ స్పీడులో 500 టర్నులు. అంటే చిన్నవీ పెద్దవీ కలిపి బోల్డన్ని నిర్ణయాలు. ఈ ఆటలో ఉన్నవే నిర్ణయాలు. అవి తీసేస్తే మిగిలేది నెక్స్ట్ టర్న్ బటనొక్కటే!

మన సోదరులు చేసేది సరిగ్గా ఆ తీసెయ్యడమే. "సెట్లర్ని అటు కాదు, ఇటు పంపు." "క్యాంపస్ కొండల పక్కన పెట్టు." "అబ్బా, జరుగు, నేను చేస్తా!"

నా ఫ్రెండ్ ఒకమ్మాయి ఎడారి పక్కన ఊరు కట్టుకుని పిరమిడ్లు మొదలుపెట్టింది. "దండగ, ఆపి సైన్యం చెయ్" అని పతిదేవుల ఆర్డరు. ఆపేసింది. పిరమిడ్లుంటే ఒక్కో బిల్డరు మూడు పనుల బదులు నాలుగు చేస్తాడు. అది చదువుకునే తను మొదలుపెట్టింది. ఎందుకు కడుతున్నావని ఆయన అడగనే లేదు. సరే, ఆయన చెప్పిందే కరెక్టనుకుందాం, శత్రువు గుమ్మంలో ఉన్నాడేమో. అయినా ఆ ఊరు ఎవరిది? ఆ రోజు నుంచి టర్న్ రాగానే "ఏం నొక్కమంటావు?" అని అడగడం మొదలెట్టింది. కొన్నాళ్ళకి అడగడమూ మానేసింది. ఆయనేమో ఆవిడకి ఇంట్రస్టు లేదంటారు!

ఈ మహానుభావులే ఆఫీసులో ఎంత పద్ధతిగా ఉంటారో! జూనియర్ రాసిన కోడ్ నచ్చకపోతే రివ్యూలో కామెంటు పెట్టి ఊరుకుంటారు. పెయిర్ ప్రోగ్రామింగులో పక్కవాడి కీబోర్డు లాక్కోకూడదని లెక్చర్లిస్తారు. ప్రతి లైనులో వేలు పెట్టే మేనేజర్ని క్యాంటీన్లో కూర్చుని తిట్టిపోస్తారు. ఇంటికొచ్చి చెప్పులు విప్పగానే అదే మేనేజరు ఆవహిస్తాడు.

"తెలిసినవాళ్ళు తెలియనివాళ్ళకి చెప్పకూడదా?" అంటారు. చెప్పండి, ఎవరొద్దన్నారు? రూల్సు చెప్పండి. ఏ బటన్ ఏం చేస్తుందో చెప్పండి. రూలు చెప్పడం వేరు, ఎత్తు చెప్పడం వేరు. "మరి ఓడిపోతాం కదా?" ఓడిపోండి! డెయిటీ లెవెల్లో కంప్యూటర్ మూడు సెట్లర్లతో మొదలెడుతుంది, మనకేమో ఒక్కటే. కొత్త మనిషితో మొదటాటే అక్కడ పెట్టి, "చూశావా, నా మాట వినలేదు" అనడమెందుకు? హాయిగా ప్రిన్స్ లెవెల్లో పెట్టుకోండి.

2014లో బెల్జియం కంపెనీ లారియన్ తెచ్చిన డివినిటీ: ఒరిజినల్ సిన్ చూడండి. ఇద్దరు కలిసి ఆడేటప్పుడు, కథలో ఒక నిర్ణయం దగ్గర ఇద్దరికీ పడకపోతే రాయి-కాగితం-కత్తెర ఆడి తేల్చుకోవాలి. రెండో మనిషికీ ఓ బుర్ర ఉంటుందని ఆట తయారుచేసినవాళ్ళు గుర్తుపెట్టుకున్నారన్నమాట. అందులో యుద్ధాలు టర్న్ బేస్డే. ఒకరు వాన కురిపించి మంటలార్పితే, రెండోవాళ్ళు ఆ నీళ్ళలోకి మెరుపు వదిలారంటే అక్కడ నిలబడ్డ మనవాళ్ళకీ షాకే. అందుకని మాట్లాడుకుంటూ ఆడాలి. మాట్లాడుకోవడమంటే ఒకరు చెప్పడం, ఒకరు నొక్కడం కాదు.

ఆటేగా, దీనికింత ఆవేశమెందుకంటారా? ఇద్దరూ సంపాదించే ఇళ్ళే మనవి. ఫ్లాట్ ఎక్కడ కొనాలి, ఆన్‌సైట్ వస్తే ఎవరు ఉద్యోగం మానాలి, ఎవరి అమ్మానాన్నలకి ఎంత పంపాలి... ఇవన్నీ తేలిపోయాక ఎక్కడ సంతకం పెట్టాలో మాత్రం ఆవిడకి చూపిస్తారు. ఆటలో సేవ్ ఫైలుంది, పోయేది ఒక శనివారం సాయంత్రం. అక్కడే పెళ్ళానికి తప్పు చేసే హక్కు ఇవ్వలేనివాడు, హోమ్ లోన్ దగ్గర ఇస్తాడంటే నేను నమ్మను.

మా ఇంట్లో రూలు ఒకటే. ఒకరి టర్న్‌లో రెండోవాళ్ళు మౌస్ ముట్టుకోకూడదు, అడిగితే తప్ప ఎత్తు చెప్పకూడదు. ఈ ఆటలో మా ఆయన నాకంటే బాగా సీనియర్. నా సైన్యం తనకి నచ్చని దారి పట్టినప్పుడు పళ్ళు కొరుక్కుంటాడు గానీ నోరెత్తడు. సాయం కావాలంటే నేనే అడుగుతాను. తనూ నన్ను అడుగుతాడు.

కాబట్టి సోదరులారా, ఇంట్రస్టు లేదని తీర్పిచ్చే ముందు ఒక్క ఆట పెట్టండి. 500 టర్నులు అక్కర్లేదు, 50 చాలు. ఆవిడ టర్న్ వచ్చినప్పుడల్లా చేతులు కట్టుకుని కూర్చోండి. ఆ 50 టర్నుల్లో బోరు కొట్టేది ఎవరికో, ఊపిరాడనిది ఎవరికో మీకే తెలుస్తుంది.