సర్కారు నివేదికలు మన లైబ్రరీలో ఎక్కడ?

హనుమకొండలో రాజరాజ నరేంద్రాంధ్ర భాషా నిలయం వెలసిన 1904 నాటికి, నిజాం ఇలాకాలో తెలుగు పుస్తకం చదువుకునే చోటు దొరకడమే గొప్ప. ఆ తర్వాత గస్తీ నిశాన్ తిర్పన్ అనే నిజాం సర్కారు ఉత్తర్వు వచ్చి, అనుమతి లేకుండా సభ పెట్టుకోవడానికీ వీల్లేకుండా చేసింది. సర్కారు లెక్కలు జనం చేతికి రావాలన్న ఊసు అప్పుడెక్కడిది?

ఇప్పుడు వరంగల్ లైబ్రరీల్లో కుర్చీలన్నీ గ్రూప్స్ రాసే పిల్లలవే. ఏటా రాష్ట్ర బడ్జెట్‌తో పాటు వచ్చే సోషియో ఎకనామిక్ అవుట్‌లుక్‌లోంచి ప్రశ్నలు వస్తాయి కాబట్టి, వాట్సాప్‌లో దొరికిన పీడీఎఫ్‌ను సొంత డబ్బులతో జిరాక్స్ తీయించి, స్పైరల్ బైండింగ్ చేయించుకుంటారు. ప్రశ్నలడిగే ప్రభుత్వమే ప్రతి లైబ్రరీకి చాలినన్ని కాపీలు పంపితే పోయేదేముంది? పైసల మాటంటారా, ఇంటి పన్నులో రూపాయికి 8 పైసల గ్రంథాలయ సెస్సు కడుతున్నది మనమే.

చట్టం లేక కాదు. సమాచార హక్కు చట్టం (2005) నాలుగో సెక్షన్ అడగకముందే వివరాలు వెల్లడించమంటుంది, స్థానిక భాషను పట్టించుకోమంటుంది. ఆఫీసులో జనం కోసం రీడింగ్ రూమ్ ఉంటే దాని వేళలు కూడా ప్రకటించాలట. (నవ్వొస్తే తప్పు పాఠకులది కాదు.) 1954 నాటి పుస్తకాల అందజేత చట్టం ప్రభుత్వ ప్రచురణలకూ వర్తిస్తుంది, కాకపోతే ఆ ప్రతులు కలకత్తా, చెన్నై, ముంబై, ఢిల్లీలకే చేరతాయి. అమెరికా వాళ్లు తమ కాంగ్రెస్ పత్రాలను రాజధాని దాటించి రాష్ట్రాలకూ, విశ్వవిద్యాలయాలకూ పంపాలని 1813లోనే తీర్మానించుకున్నారు.

మన దగ్గర 2014 ఆగస్టు 19న ఊళ్లకు ఊళ్లు పనులు మానుకుని ఇంటి దగ్గర కూచుని సమగ్ర కుటుంబ సర్వేకు లెక్కలు చెప్పాయి. ఆ నివేదిక పూర్తిగా బయటికి రానేలేదు. వచ్చిన నివేదికలైనా జనానికి అందాయా అంటే అదీ లేదు. 2023 అక్టోబరులో భూపాలపల్లి జిల్లాలోని మేడిగడ్డ బరాజ్ పిల్లర్లు కుంగాయి. ఆ ప్రాజెక్టు మీద కాగ్ నివేదిక రాసింది, డ్యామ్ సేఫ్టీ అథారిటీ రాసింది, జస్టిస్ పినాకి చంద్రఘోష్ కమిషన్ కూడా రాసింది. కమిషన్ నివేదికను 2025 ఆగస్టు 31న అసెంబ్లీలో పెట్టారు. టీవీల్లో దానిమీద గొంతులు చించుకున్నవాళ్లలో ఎందరు చదివారో గానీ, అది ఇంగ్లిషులో వందల పేజీలు. ప్రాజెక్టుకు భూములిచ్చిన రైతు దాన్ని చూసేదెట్లా?

వరంగల్, హనుమకొండ, భూపాలపల్లి జిల్లా గ్రంథాలయ సంస్థలు ముందుగా ఈ నివేదికలనూ, వాటి తెలుగు సారాంశాలనూ పంపమని నీటిపారుదల శాఖకు ఉత్తరం రాయాలి. వాళ్లు రాయకపోతే పాఠకులే సమాచార హక్కు దరఖాస్తు పెట్టొచ్చు. జిల్లా ఆఫీసులో దాని రుసుము 10 రూపాయలు.