పట్టణపు జీవనాడులు

మనుష్యుని దేహమునందు రక్తనాళములు పైకి కనిపింపవు. అవి చక్కగా పనిచేయునంతకాలము వాని సంగతి ఎవరికిని స్ఫురింపదు. పట్టణమునకును అట్టి నాళములు కలవు. నేలక్రింది నీటిగొట్టములు, మురుగుకాలువలు, నేలపైని విద్యుత్తు తీగలు, టెలిఫోను స్తంభములు, వంతెనలు, ఇవియే పట్టణమునకు జీవనాడులు. భూమి ఒక్క నిమిషము కంపించిన చాలును, ఇవి అన్నియు ఒక్కమారుగా తెగిపోవచ్చును. ఇవి తెగకుండ కాపాడుకొనుటయు, తెగినచో త్వరగా బాగుచేసికొనుటయు పురపాలకులకు ప్రథమ కర్తవ్యములు.

"మన తెలుగుదేశమున భూకంపములెక్కడివి?" అని కొందరు తేలికగా మాటలాడుదురు. చరిత్ర వేరొక సంగతి చెప్పుచున్నది. 1967 మార్చి 27వ తేదీన ఒంగోలు ప్రాంతమున 5.4 తీవ్రతతో భూమి కంపించెను. 1969 ఏప్రిల్ 13న భద్రాచలము వద్ద 5.7 తీవ్రతతోను, 2024 డిసెంబరు 4న ములుగు జిల్లాలో 5.3 తీవ్రతతోను భూకంపములు సంభవించెను. 2002లో ప్రకటింపబడిన భూకంప మండలముల పటములో నెల్లూరు ప్రాంతము మూడవ మండలమున చేర్చబడినది. అనగా అచ్చట ప్రమాదము మిక్కిలి హెచ్చు కాదు, బొత్తిగా లేకయు పోలేదు.

నెల్లూరునకు ఎదుట, పెన్నానదికి ఉత్తరపు ఒడ్డున కోవూరు ఉన్నది. ఆ సీమ నేల పెన్న తెచ్చి పోసిన ఒండ్రు. వరిపంటకు అది వరమే. కాని ఒండ్రునేలలలో ఒక చిక్కు కలదు. నీరు నిండిన వదులు ఇసుక గట్టిగా కంపించినప్పుడు తన బిగువు కోల్పోయి బురదవలె జారును. 1934 జనవరి 15న బీహారులో జరిగిన మహాభూకంపమున విశాలమైన ప్రదేశములలో ఇట్లే జరిగి ఇండ్లు కుంగిపోయెను, నేల పగిలి ఇసుకయు నీరును పైకి చిమ్మెను. అట్టి నేలలో పాతిన గొట్టములు నిలుచుట కష్టము. కావున గొట్టము వేయుటకు ముందే నేలను పరీక్షించుట అవసరము.

జీవనాడులలో ఒకదానికి మరియొకటి ఆధారము. విద్యుత్తు లేనిదే పంపు తిరుగదు. పంపు తిరుగనిదే ట్యాంకు నిండదు. నీరు లేనిదే ఆసుపత్రి నడువదు, మంట ఆరదు. 1906 ఏప్రిల్ 18న అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కో నగరము కంపించినది దాదాపు ఒక నిమిషమే. కాని నీటిగొట్టములు పగిలిపోవుటచేత, పిదప రేగిన మంటలు మూడు దినములకు పైగా నగరమును దహించెను. ఆ గుణపాఠముతో ఆ నగరమువారు మంటల నార్పుటకే ప్రత్యేకముగా వేరొక నీటి ఏర్పాటు చేసికొనిరి. 1995 జనవరి 17న జపానులోని కోబె నగరము కంపించినప్పుడు విద్యుత్తు వారము దినములలో తిరిగి వచ్చెను. నీరును గ్యాసును అందరికిని అందుటకు మాత్రము రెండు నెలలకు పైగా పట్టెను. మన దేశములోనే 2001 జనవరి 26న గుజరాతు భూకంపమునందు భుజ్ పట్టణపు ప్రభుత్వాసుపత్రి కూలిపోయెను. గాయపడినవారికి ఆశ్రయము కావలసిన చోటే శిథిలమయ్యెను.

నాడులు తెగుటయన నెట్టిదో కోవూరు ప్రజలు భూకంపము లేకయే చూచిరి. 2021 నవంబరులో పెన్నకు వరద పొంగినప్పుడు పడుగుపాడు వద్ద జాతీయ రహదారి కోతకు గురియయ్యెను. రైలుమార్గమును వరదపాలయ్యెను. చెన్నపట్టణమునకును విజయవాడకును నడుమ రాకపోకలు స్తంభించెను. అంతకుముందు 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమును తాకినప్పుడు విద్యుత్ స్తంభములు నేలకొరిగి, కరెంటుతోపాటు కుళాయి నీరును నిలిచిపోయెను. తరువాత ఆ నగరమున విద్యుత్తు తీగలను భూగర్భమున వేయుటకు పూనుకొనిరి. కారణము గాలియైనను, నీరైనను, భూకంపమైనను, ప్రజలు పడెడి బాధ ఒక్కటే.

ఇందులకు కావలసిన పనులు అసాధ్యములు కావు. పెళుసైన పాతగొట్టములను మార్చి, కొంత వంగుటకు వీలైన అతుకులు గల గొట్టములను వేయవలెను. ఒక దారి తెగినను మరియొక దారిని నీరు పారునట్లు గొట్టములను వలయముగా కలుపవలెను. ట్రాన్స్‌ఫార్మరులను దిమ్మెలకు బోల్టులతో బిగింపవలెను. ఎత్తైన నీటిట్యాంకుల కాళ్లను పరీక్షించి బలపరుపవలెను. పంపులకును ఆసుపత్రులకును జనరేటర్లు, వానికి వలసిన నూనె సిద్ధముగా నుండవలెను. విడి గొట్టములు నిలువచేయవలెను. ఏ మూత ఎచ్చట నున్నదో తెలుపు పటము కార్యాలయమున నుండవలెను. పని తెలిసిన పాత ఉద్యోగి ఒక్కని జ్ఞాపకముమీద ఊరి నీరంతయు ఆధారపడియుండుట క్షేమము కాదు.

"ఎప్పుడో వచ్చు ఆపదకు ఇప్పుడు ఇంత వ్యయమేల?" అను ఆక్షేపణ కలదు. అది నిర్లక్ష్యముగా త్రోసివేయదగినది కాదు. చిన్న పట్టణముల ఆదాయము స్వల్పము, అవసరములు అనేకము. అయినను అన్ని పనులను ఒకే ఏట చేయనక్కరలేదు. గొట్టము మార్చవలసి వచ్చినప్పుడెల్ల మేలైన గొట్టము వేసినచో కొంతకాలమునకు ఊరంతయు బాగుపడును. మొదట ఆసుపత్రికి, పంపుల ఇంటికి పోవు దారిని బలపరచి, తక్కినవానిని తరువాత చూచుకొనవచ్చును. ఈ ఏర్పాటులన్నియు తుపానునకును వరదకును గూడ పనికివచ్చును గనుక, భూకంపము నూరేండ్లవరకు రాకున్నను ఆ ధనము వృథాకాదు.

అసలు అడ్డంకి ధనము మాత్రమే కాదు. స్వాగత తోరణము కట్టించినవానిని ఊరంతయు కొనియాడును. నేలలో మంచి గొట్టము వేయించినవానిని ఎవరును తలపరు. ప్రజలు కంటికి కనబడు పనినే మెచ్చుచున్నంతకాలము పాలకులును అట్టి పనులనే చేయుదురు. కావున మార్పు పౌరుల మనస్సులలో ప్రారంభము కావలెను.

ఇందు విద్యార్థులకును భాగము కలదు. 1923 సెప్టెంబరు 1న టోకియో ప్రాంతమున భూకంపమువలనను, దానివెంట రేగిన మంటలవలనను లక్షమందికి పైగా మరణించిరి. జపాను దేశమున ఏటేట ఆ దినముననే విపత్తు నివారణ దినము జరుపుదురు. బాలబాలికలు బల్లలక్రింద తలదాచుకొనుట, వరుసగా బయటికి పోవుట అభ్యసింతురు. మన విద్యార్థులును తమ వీధికి నీరు ఎచ్చటినుండి వచ్చుచున్నదో, విద్యుత్తును ఎచ్చట ఆపవచ్చునో పెద్దల నడిగి తెలిసికొనవచ్చును. ఇంట రెండు మూడు దినములకు సరిపడు త్రాగునీటిని నిలువయుంచుమని చెప్పవచ్చును. తీగలను, యంత్రములను మాత్రము తాము ముట్టరాదు.

ఇల్లు కాలుచుండగా బావి త్రవ్వుట తెలివి కాదని మన పెద్దలు ఏనాడో చెప్పిరి. భూకంపమును ఆపుట ఎవరితరమును కాదు. మరునాటి ఉదయమున కుళాయిలో నీరు వచ్చునట్లు చేయుట మాత్రము మానవసాధ్యమే. ఒక పట్టణము గొప్పదనమును దాని మేడల ఎత్తునుబట్టి గాక, ఆపద గడచిన పిదప ఎంత త్వరగా దప్పిగొన్నవానికి నీరందించునో దానినిబట్టి నిర్ణయింపవలెను.