కోళ్లను తీసేసి పిల్లల్ని పెంచుతారట!

మా పొదిలిలో ఇల్లు బాగుచేయించడమంటే ఈ మధ్య ఒకే అర్థం మిగిలింది. పెరట్లో మట్టి కనబడకూడదు. ముందు కోళ్లగంప పోతుంది, తర్వాత గేదెల కొట్టం పోతుంది, ఆ తర్వాత వేపచెట్టు మొదలు దాకా సిమెంటు పోస్తారు. ఎందుకయ్యా అంటే "పిల్లలున్న ఇల్లు గదా" అంటారు. పిల్లలున్న ఇల్లు కాబట్టే కోళ్లుండాలని వాదించేవాణ్ణి మా వీధిలో నేనొక్కణ్ణే మిగిలినట్టున్నాను. కనుక ఆ వాదమేదో చదివే ఓపికున్న మీ ముందు పెడుతున్నాను. ఏకీభవించనివారు వ్యాఖ్యల్లో తిట్టవచ్చు. తెలుగులో తిడితే మరీ సంతోషం.

ముందుగా ఒక మాట స్పష్టం చేయాలి. మన తెలుగు బ్లాగుల్లో మొదటినుంచీ ఒక జాతి టపా ఉంది. అమ్మమ్మ ఊరు, వేసవి సెలవులు, లేగదూడ, తాటిముంజలు, ఆఖర్న ఒక కన్నీటిచుక్క. నేనూ చదివి ఆనందించినవాణ్ణే. కానీ ఆ టపాల్లో పేడ ఎత్తే మనిషి కనిపించదు. తెల్లవారకముందే గేదెల్ని తోలుకుపోయే పదేళ్ల జీతగాడు అసలే కనిపించడు. వాడి బాల్యమూ పశువుల మధ్యనే గడిచింది. దాన్ని గురించి వాడు టపా రాయలేదు, రాయడానికి వాణ్ణి బడికి పంపినవారు లేరు గనుక. అలాంటి పిల్లల్ని పని మాన్పించి బడిలో చేర్చే పనిని 1990లలో రంగారెడ్డి జిల్లాలో ఎం.వి. ఫౌండేషన్ చేపట్టింది. దాన్ని నడిపించిన శాంతా సిన్హా గారికి 2003లో మెగసెసే పురస్కారం వచ్చింది. పిల్లలు జంతువుల మధ్య పెరగాలని నేనంటే, మరొకరి మందను కాసే పసివాణ్ణి చూసి మురిసిపొమ్మని కాదు. బడికి పోయే పిల్లకు, బడినుంచి వచ్చాక, తనదైన ఒక పెట్ట ఉండాలంటున్నాను. ఈ రెండింటికీ తేడా కనబడనివారితో నాకు వాదన లేదు.

ఇక మురికి సంగతి. కోడి మురికిదే, కాదని ఎవరన్నారు? దాని రెట్టలో సాల్మొనెల్లా ఉంటుంది. ఐదేళ్లలోపు పిల్లల చేతికి కోడిపిల్లల్ని ఇవ్వవద్దని అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ చెబుతుంది, ఆ మాట సబబైనదే. మా ఇంట్లోనూ ఐదేళ్లు నిండనిదే గంప ఎత్తే అధికారం ఎవరికీ లేదు. నిండినవారికైనా చేతులు కడుక్కోనిదే వంటింటి గడప దాటే హక్కు లేదు. కానీ మురికి లేని చోటే ఆరోగ్యమున్నదన్న నమ్మకం ఎంతవరకు నిజం? 2016లో వెలువడిన ఒక పరిశోధన అమెరికాలోని రెండు మతసమాజాల పిల్లలను పోల్చి చూసింది. అమిష్ ప్రజలు, హట్టరైట్ ప్రజలు. ఇద్దరి పూర్వీకులూ యూరప్‌నుంచి వచ్చినవారే. వంశలక్షణాలూ, తిండితిప్పలూ దగ్గరదగ్గరగా ఉంటాయి. తేడా వ్యవసాయంలో ఉంది. అమిష్ వారిది ఇంటిని ఆనుకుని పశువుల కొట్టమున్న పాతకాలపు సేద్యం. హట్టరైట్ వారిది యంత్రాల సేద్యం, పశువులు ఇళ్లకు దూరంగా ఉంటాయి. అమిష్ పిల్లల్లో ఉబ్బసం నూటికి 5 మందికి ఉంటే, హట్టరైట్ పిల్లల్లో నూటికి 21 మందికి ఉంది. అమిష్ ఇళ్లలోని దుమ్ము ఎలుకల్లో కూడా ఉబ్బస లక్షణాలను అడ్డుకుంది. ఇది ఆవుల కొట్టాల కథ, నాటుకోళ్ల కథ కాదు. దీన్ని పట్టుకుని "కోడి ఉబ్బసానికి మందు" అని ఎవరైనా చాటితే వారినీ ఇక్కడే ఖండిస్తాను. అయినా పశువుల గాలి తగిలితేనే పిల్లవాడు పాడైపోతాడని భయపడేవారు ఈ అంకెలకు జవాబు చెప్పాలి.

మా పత్తి, మిరప భూముల్లో నన్ను మరింత మండించే విషయం ఇంకొకటుంది. కోడి రెట్టకు ముక్కు మూసుకునే పెద్దమనిషే పురుగుమందు డబ్బాను మంచం కింద పెడతాడు. మందు కొట్టిన చొక్కాతో వచ్చి బిడ్డనెత్తుకుంటాడు. ఖాళీ అయిన డబ్బాను కడిగి నీళ్లకు వాడతాడు. 2013 జూలైలో బీహార్‌లోని సారణ్ జిల్లాలో మధ్యాహ్న భోజనం తిన్న 23 మంది బడిపిల్లలు చనిపోయారు. వంటనూనెలో కలిసినది మోనోక్రోటోఫాస్, మన చేలకు ఏళ్ల తరబడి అలవాటైన మందు. ఇన్ని చూసి కూడా పెరట్లోంచి డబ్బాను కాక కోడిని వెళ్లగొట్టేవారి శుభ్రత ఎటువంటిదో మీరే చెప్పండి. నిజానికి కోళ్లున్న ఇంట్లో విషం దాగదు. మందు పట్టించిన విత్తనం నాలుగు గింజలు వాకిట్లో ఒలికితే ముందు పడిపోయేది పెట్టే. అది చూసిన పిల్లలకు విత్తనాల సంచి జోలికి పోవద్దని మళ్లీ చెప్పనక్కర్లేదు.

2025 మార్చిలో మా అమ్మాయి హైదరాబాదునుంచి ఫోను చేసింది. "నాన్నా, ఆ కోళ్లను తీసేయండి. తీసేస్తేనే వేసవికి పిల్లవాణ్ణి పంపుతాను" అంది. నరసరావుపేటకు చెందిన రెండేళ్ల పాప ఆ నెలలోనే మంగళగిరి ఎయిమ్స్‌లో చనిపోయింది. అది హెచ్5ఎన్1 అని పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థ తేల్చినట్టు తర్వాత వార్తల్లో వచ్చింది. ఆ ఏడాది ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల ఫారాల్లో కోళ్లు కుప్పలుగా రాలిపోయిన సంగతి అప్పటికే అందరికీ తెలుసు. మా అమ్మాయి భయాన్ని నేను ఎగతాళి చేయలేదు. పసిబిడ్డ పోయిన వార్త మీద వాదన గెలవాలనుకునేవాడు మనిషి కాడు. కానీ ఆ వార్తలను పూర్తిగా చదవమన్నాను. ఆ పాప జబ్బు పడక ముందు పచ్చి కోడిమాంసం ముక్క ఒకటి నోట్లో పెట్టుకుందని అందులోనే ఉంది. పచ్చిమాంసం ఏ ఇంటికైనా వస్తుంది, పెరడులేని అపార్టుమెంటుకు కూడా. "మీ ఇంటికి ప్రతి ఆదివారం వచ్చేది అదే గదమ్మా" అన్నాను. ఆ నెలంతా మా కోళ్లు గంప దాటలేదు, చచ్చిన పక్షిని ఎవరూ చేత్తో ముట్టకూడదని పిల్లలకు కట్టడి చేశాను. మా అమ్మాయి మాత్రం ఆ వేసవికి పిల్లవాణ్ణి పంపలేదు. తల్లిగా ఆమె నిర్ణయం ఆమెది. నా వాదన నాదే.

రోగాల లెక్క పక్కన పెట్టి అసలు సంగతికి వస్తాను. పెట్ట పొదుగుకొచ్చినప్పుడు పన్నెండు గుడ్లు దాని కింద సర్దడం, 21 రోజులు ఆగడం ఒక పిల్లకు అప్పగించి చూడండి. ఆ రోజుల్ని తొందరపెట్టే మీట ఎక్కడా ఉండదు. పెట్ట గూడు దిగి తిండికి వచ్చే కాసింత సేపు గింజలూ నీళ్లూ సిద్ధంగా ఉండాలి. మరిచిపోతే అది ఆకలితోనే మళ్లీ వెళ్లి కూర్చుంటుంది, ఫిర్యాదు చేయదు. పన్నెండింటిలో తొమ్మిది పిల్లలైతే మూడు మురిగిపోతాయి. ఆ మూడూ ఎవరి తప్పూ కాదు. తొమ్మిదింటిలో ఒకదాన్ని గద్ద ఎత్తుకుపోతుంది, ఒకటి కాలువలో పడుతుంది. తల్లికోడి గొంతు మార్చి ఒక్క కూత కూయగానే పిల్లలన్నీ రెక్కల కింద దూరడం చూసిన పిల్లకు, పాఠ్యపుస్తకంలోని కోడిబొమ్మ ఇక ఆనదు. కొక్కెర తెగులు వచ్చి మెడలు మెలితిరిగి రెండు రోజుల్లో గంప ఖాళీ అయితే, టీకా అన్నది ఎందుకు పుట్టిందో ఎవరూ ఉపన్యాసం చెప్పనక్కర్లేదు. చుక్కలమందు తేదీని మా ఇంట్లో క్యాలెండరు మీద రాసి పెట్టేది ఎనిమిదేళ్ల పిల్ల.

"మరి కోసినప్పుడో?" అంటారు. అందరికీ అక్కడే వస్తుంది చిక్కు. పేరు పెట్టి పెంచుకున్న పుంజును పండక్కి కోస్తే పిల్లలు ఏడుస్తారు, కొందరు ఆ పూట తినరు. తినకపోతే బలవంతపెట్టకూడదు. చూడనంటే చూపించనూ కూడదు. కానీ కోసిన సంగతి దాచి, "ఎగిరిపోయిందమ్మా" అని అబద్ధమాడి, అదే కూర వడ్డించే ఇళ్లు నాకు తెలుసు. ప్లాస్టికు సంచిలో ముక్కలుగా తప్ప మాంసాన్ని ఎరగని పిల్లవాడు దయగలవాడవుతాడని మీరెలా నమ్మారు? ఫారంలో కాగితమంత చోటులో బతుకంతా నిలబడే కోడిమీద వాడికి జాలి కలగదు, దాన్ని వాడెప్పుడూ చూడలేదు గనుక. పుంజుకోసం ఏడ్చిన పిల్లకే పెద్దయ్యాక మాంసం తినాలో వద్దో తేల్చుకునే యోగ్యత ఉంటుంది. ఎటు తేల్చుకున్నా నాకు సమ్మతమే. కాళ్లకు కత్తి కట్టి బరిలో దించి పందెం కాసి, పసివాళ్లను భుజాలకెత్తి చూపించే ముచ్చటను మాత్రం సంస్కృతి అని నా దగ్గర అనకండి. 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం దాన్ని నేరమనే అంటుంది.

కొట్టంలో నేర్చేవన్నీ మంచివే అని కూడా నేను చెప్పను. గేదె ఈనితే పెయ్యా దున్నా అని ముందు అడుగుతారు. దున్నదూడైతే ఇంట్లో మొహాలు మాడతాయి, దాని వంతు పాలు తగ్గుతాయి, నెల తిరక్కుండానే అది డొక్కలెండి పోతుంది. మా మేనకోడలి కూతురు ఒకసారి అడిగింది: "గేదెకు ఆడదూడ పుడితే సంతోషం, అమ్మకు చెల్లి పుడితే ఎందుకు అందరూ ఊరుకున్నారు తాతయ్యా?" ఆ ప్రశ్న ఏ టెక్నో బడి ప్రశ్నపత్రంలోనూ రాదు. జవాబు నా దగ్గరా లేదు.

ఆరో తరగతికే పిల్లల్ని విజయవాడ, గుంటూరు హాస్టళ్లకు పంపి, ఐదంతస్తుల వరండాలో తెల్లవారుజామున స్టడీ అవర్లో కూర్చోబెట్టి, ఏడాదికొకసారి టిక్కెట్టు కొని మేకపిల్లకు గడ్డి తినిపించే రిసార్టుకు తీసుకుపోవడం నేటి పద్ధతి. ఇది ఒంగోలు జాతి పుట్టిన నేల. మన కోడెలు ఓడలెక్కి బ్రెజిల్ వెళ్లి, అక్కడ నెలోరె పేరుతో కోట్ల మందగా పెరిగాయి. ఇక్కడి పిల్లవాడికి మూపురం చూపించి ఇది ఏ జాతి అంటే ఫోన్లో వెతుకుతాడు.

"ఫ్లాటులో ఎక్కడ పెంచమంటారు?" అని నగరమిత్రులు అడుగుతారు. వారిని నేనేమీ పెంచమనలేదు. పెరడున్నవారిని అడుగుతున్నాను. మా వీధిలో పదకొండు ఇళ్లకు పెరళ్లుండేవి. ఏడింటికి సిమెంటు పడింది. మిగిలిన నాలుగింటిలో ఒకటి మాది. ఎదురింటివారు పోయిన వారమే మేస్త్రీని పిలిపించి కొలతలు తీయించారు, వాళ్ల గంప మా వాకిట్లో పెట్టి "ఉంచుకోండి బాబాయ్, మాకింక పనిలేదు" అన్నారు. ఉంచుకున్నాను.