స్త్రీలను ఉంచువారెవరు?

ఒక క్రియాపదమును గురించి ఈ వారము మా పాఠకులతో కొంత వాదింపదలచితిమి. మాట చిన్నదే గాని దానివలన కలుగు అపకారము చిన్నది కాదు.

2021 జనవరి 11వ తేదీన సర్వోన్నత న్యాయస్థానమున రైతుల ఆందోళనపై విచారణ జరుగుచుండగా, అప్పటి ప్రధాన న్యాయమూర్తి శరద్ బోబ్డేగారు వృద్ధులను, స్త్రీలను ఆ ఆందోళనలో ఎందుకు ఉంచినారని ప్రశ్నించినట్లు పత్రికలు ప్రకటించినవి. అది ఢిల్లీలో ఎముకలు కొరుకు చలికాలము. వారి హృదయమున కరుణయే యుండవచ్చును; దానిని మేము శంకింపము. మా తగవంతయు 'ఉంచినారు' అను మాటతోనే. ఎవరు ఉంచిరి? ధాన్యమును గాదెలో ఉంచుదుము. గొడుగును మూల నుంచుదుము. తనకై తాను నడచి వచ్చి కూర్చుండిన మనుష్యుని గూర్చి ఎవరును అట్లనరు. స్త్రీని గూర్చి ఈ క్రియను తెలుగున వాడినచో ఎంత నీచార్థము స్ఫురించునో పాఠకులెరుగుదురు; ఆంగ్లమున కొంత సభ్యముగా వినబడును, అంతియే భేదము.

మరునాటి ఉత్తర్వులో ఇంకొక విశేషము కలదు. ఒక రైతు సంఘము పక్షమున హాజరైన వకీలుగారు, ఇకమీదట వృద్ధులు, స్త్రీలు, బాలురు ఆందోళనలో పాల్గొనరని విన్నవించిరి. ధర్మాసనము వారి వైఖరిని మెచ్చుకొని, ఆ మెప్పును ఉత్తర్వులో ఎక్కించినది. ఈ పంక్తులు వ్రాయువాడును వకీలే గనుక ఒక సంగతి చెప్పగలడు. అర సెంటు దొడ్డి తగాదాలోనైనను కక్షిదారుని సంతకము లేని వకాల్తానామాను ఏ చిన్న కోర్టు గుమాస్తాయు పుచ్చుకొనడు. సింఘూలో, టిక్రీలో కూర్చున్న స్త్రీలలో ఏ ఒక్కరు ఆ వకీలుగారి వకాల్తానామాపై సంతకము చేసిరి? అంతకు నెలనాళ్ళు ముందే, 2020 డిసెంబరులో, పంజాబు పల్లెలనుండి వచ్చిన స్త్రీలు టిక్రీలో బారులుదీరి కూర్చుండిరి. అప్పుల బాధచే ఆత్మహత్య చేసికొన్న భర్తల ఛాయాపటములు, కొడుకుల ఛాయాపటములు వారి చేతులలో నుండెను. ఆ పటములను వారి చేతులలో ఎవరుంచిరని అడిగెదము?

న్యాయస్థానమును మాత్రమే తప్పుపట్టి ఊరకుండుట పక్షపాతమగును. ఆ వివాదమును పరిశీలించుటకు ధర్మాసనము నియమించిన నలుగురు సభ్యులును పురుషులే. సరే, రైతుల పక్షము మాటయేమి? మంత్రులతో చర్చలకు పోయిన సుమారు 40 మంది నాయకులలో స్త్రీ ఒక్కరే. వారు కవితా కురుగంటిగారు. ఇంటిపేరుబట్టి మన తెలుగువారని చెప్పుకొని గర్వింపవచ్చును గాని, ఒక్కరే అని తలచినప్పుడు ఆ గర్వము నిలువదు. శాసనములు రద్దయి, తుది మాటలాడుటకు 2021 డిసెంబరులో సంయుక్త కిసాన్ మోర్చా ఏర్పరచిన అయిదుగురిలో ఆ ఒక్కరును లేరు. ఏడాదికి పైగా రొట్టెలు కాల్చినవారు, ట్రాక్టర్లు తోలినవారు, వేదికలెక్కి మాటలాడినవారు స్త్రీలలో వేలకొలది. సంధి కుదుర్చుకొను వేళకు అందరును ఇండ్లకు పోయినవారే!

ఈ వ్యాధి నేడు పుట్టినది కాదు. 1930 మార్చి 12వ తేదీన సబర్మతినుండి ఉప్పు సత్యాగ్రహమునకు వెడలిన 78 మంది దళములో ఒక్క స్త్రీ లేదు. గాంధీగారు చెప్పిన కారణము వినదగినది. హిందువులు గోవును హింసింపనట్లే ఆంగ్లేయులు కూడుమట్టుకు స్త్రీలపై చేయి చేసికొనరు గనుక, యుద్ధమునకు గోవును ముందు తోలుకొనిపోవుట ఎట్టి పిరికితనమో స్త్రీలను వెంటగొనిపోవుటయు అట్టి పిరికితనమేనని వారి అభిప్రాయము. మార్గరెట్ కజిన్స్ అమ్మగారు దీనిని బహిరంగముగా ఖండించిరి. కమలాదేవీ చట్టోపాధ్యాయగారు యాత్ర నడుచుచుండగనే పోయి మహాత్మునితో వాదించి, స్త్రీలకు ఉప్పు చేయు హక్కు సాధించుకొని వచ్చిరి; బొంబాయిలో ఉప్పు వండి చెరసాలకు పోయిరి. గాంధీగారు మే 5వ తేదీన పట్టుబడి, తరువాత అబ్బాస్ త్యాబ్జీగారు పట్టుబడగా, ధారాసనమున దళమునకు ముందు నిలిచినది హైదరాబాదులో పుట్టిపెరిగిన సరోజినీదేవిగారు.

స్త్రీలను వెలుపల నిలుపుటలో గాంధీగారు పొరబడిరి. కొలది వారములలోనే పొరబాటు దిద్దుకొనిరి. కాని వారు చెప్పిన కారణములో ఒక సత్యమున్నది: స్త్రీని డాలుగా పట్టుకొనుట పిరికితనము. వారి తరువాతి మనము, వారి పొరబాటును విడిచినట్లే విడిచి, ఆ సత్యమును కూడ విడిచిపెట్టితిమి. నాడు ఊరేగింపునకు రావలదనిరి. నేడు వచ్చి ముందు వరుసలో నడువుమనుచున్నాము. వలదనువాడును, ముందు నిలుపువాడును ఆమె ఎందుకు వచ్చినదని అడుగలేదు.

ఇది ఇతరులపై మోపుటకు వ్రాసిన మాట కాదు. కొన్ని సంవత్సరముల క్రిందట ఒక జిల్లా పట్టణమున కలెక్టరు కచేరికి సాగిన పాదయాత్రకు ఈ వ్రాతగాడు వాలంటీరుగా పనిచేసెను. ముందునాటి రాత్రి ఏర్పాట్ల కాగితమును వ్రాసిన చేయి ఇదియే. "స్త్రీలు ముందు, పోలీసులు లాఠీ ఎత్తుటకు జంకుదురు" అని వ్రాసితిని. గదిలోని పదిమందియు బాగున్నదనిరి. వెలుతురు సరిపోవుటలేదని ఒకరు దీపము దగ్గరకు జరిపిరి. ఆక్షేపణమును పోలిన కదలిక ఆ గదిలో అది యొక్కటే. జంకుట ఎంతసేపు? కచేరి ద్వారమువద్ద లాఠీలు లేచినవి, ముందున్నవారికే తగిలినవి. పిమ్మట అధికారితో మాటలాడుటకు అయిదుగురిని లోనికి రమ్మనిరి. అయిదుగురము పోతిమి. అందరమును మగవారమే. చట్టము తెలిసినవాడనని నన్నును తీసికొనిపోయిరి.

తిరిగి వచ్చుసరికి మోచేతికి గుడ్డ కట్టుకొన్న ఒక నడివయస్సు స్త్రీ ద్వారమువద్ద నిలిచియున్నది. "వకీలుగారూ, ముందు నడవమంటే నడిచాం. దెబ్బలూ తిన్నాం. లోపలికి పోవాల్సి వచ్చేటప్పటికి మేం వెనకెట్టా పడ్డామండీ?" అని అడిగినది. నాకు ఉత్తరము తోచలేదు. ఎండగానున్నదని, నీడకు పొమ్మని చెప్పితిని.

తరువాత కేసులు పెట్టబడినవి గనుక ఆ స్త్రీల వాఙ్మూలములు వ్రాసికొనుట నా పనియైనది. మా కాగితములకొక మూస కలదు: ఫలానావారి భార్య, వయస్సు ఇంత, వృత్తి గృహకృత్యములు. ప్రశ్నలును మూసలోనివే. పోలీసులేమి చేసిరి? ఎన్నిగంటలకు? ఏ చేతికి తగిలినది? మీరెందుకు వచ్చితిరను ప్రశ్న అందులో లేదు, నేనడుగను లేదు. అడుగకయే చెప్పిరి. ఒకామె తెల్లవారుజామున మూడుగంటలకు లేచి రెండుపూటల కూడు వండి, కుండమీద మూతపెట్టి, అత్తగారు మేలుకొనకమునుపే గడప దాటినది. ఒకామె చంటిబిడ్డను పొరుగింట అప్పగించి వచ్చి, మధ్యాహ్నమునకే పాలు పొంగి రవిక తడియగా పైటకొంగు కప్పుకొని నడచినది. ముందునాటి సాయంకాలమునుండి మంచినీళ్ళు ముట్టలేదని చెప్పనివారు అరుదు. ఏమి వ్రతమోయని అడిగితిని, బుద్ధిహీనుడను! దారిపొడవున ఆడువారు పోవుటకొక మరుగు మేమేర్పరుపలేదు. నీళ్ళు త్రాగినచో నడువలేమని వారు మానివేసిరి. మజ్జిగ చలివేంద్రములు ఎన్ని పెట్టవలెనో ఏర్పాట్ల కాగితమున వివరముగా వ్రాసితిమి. అవి ఎవరికొరకు?

ఒకామె చెప్పిన మాట వేరు. ఇంటికి పోయిన తరువాత భర్త పదునొకండు దినములు మాటలాడలేదట. "ఆ పదకొండు రోజులూ ఇల్లు ప్రశాంతంగా ఉందండీ" అని నవ్వినది. గుమాస్తా దీనిని వ్రాయవలెనా అని నావంక చూచెను. అక్కరలేదంటిని. ఆనాడు అక్కరలేదని కొట్టివేయించిన మాటలలోనే ఆ పాదయాత్ర చరిత్ర అంతయు నున్నదని తెలియుటకు నాకు కొన్ని ఏండ్లు పట్టినది.

చట్టమును కూడ మనవారు ఇట్లే వాడుచున్నారు. 2024 జులై 1నుండి అమలులోనున్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 43వ సెక్షను ప్రకారము, అసాధారణ పరిస్థితులలో తప్ప సూర్యాస్తమయమునకు పిమ్మట, సూర్యోదయమునకు ముందు స్త్రీని నిర్బంధింపరాదు. తప్పనిసరియైనచో మహిళా పోలీసు అధికారి వ్రాతమూలముగా నివేదించి మేజిస్ట్రేటు అనుమతి ముందుగా పొందవలెను. స్త్రీ రక్షణకై పుట్టిన నియమమిది. రాత్రిపూట డేరా పీకించకుండ స్త్రీలను కూర్చుండబెట్టుడని సలహా చెప్పు ప్లీడర్లు మాలో కలరు. ఆమెకిచ్చిన రక్షను మన డేరాకు తడికగా కట్టుకొనుట ఏమి నీతి?

స్త్రీల అనుభవమునకు విలువ యేమియని పెదవి విరుచువారికి దుర్గాబాయిగారి జీవితమును చూపుచున్నాము. రాజమహేంద్రవరపు బిడ్డ. 1930లో మద్రాసున ఉప్పు సత్యాగ్రహమునకు పోయి వెల్లూరు చెరసాల చేరిరి; మరల పట్టుబడి మధుర చెరసాలలో ఏకాంతవాసము అనుభవించిరి. అక్కడ వారు చూచినదేమి? న్యాయము తెలియక, తమపక్షమున మాటలాడువారు లేక, చేయని నేరములకు శిక్షపడిన నిరుపేద స్త్రీలను చూచిరి. విడుదలైన తరువాత చదువు పూర్తిచేసి, న్యాయశాస్త్రము చదివి, 1942లో వకీలైరి. 1946లో రాజ్యాంగ సభకు పోయిరి. ఆ సభలోని 15 మంది స్త్రీలలో వారొకరు. ఆయుధములు లేక శాంతముగా సమావేశమగు హక్కును 19వ అధికరణమున వ్రాసినది ఆ సభయే. ఆ హక్కు పౌరులదని వ్రాసిరి, పురుషులదని వ్రాయలేదు. ఆమెను ఉప్పు కళ్ళెమువద్ద ఎవరో 'ఉంచి'యుండినచో ఇది జరుగునా?

నెల్లూరు సంగతి మా పాఠకులకు కొత్తగాదు. 1992లో దూబగుంట మొదలైన గ్రామములలో రాత్రిబడి పాఠములు చదువుకొన్న స్త్రీలు సారాకొట్లు మూయించిరి, వేలముపాటలకు అడ్డుపడిరి. 1993 ఏప్రిలులో ఆ జిల్లాలోను, అక్టోబరు 1నుండి రాష్ట్రమంతటను సారా నిషిద్ధమైనది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధము వచ్చినది, 1997లో సడలిపోయినది. నిషేధము తెచ్చిన ఘనతకు పార్టీలు పోటీపడినవి. సడలించునప్పుడు, మగని దెబ్బలకు తాళి వీథికెక్కిన ఆ స్త్రీల గడప త్రొక్కి అడిగినవాడొక్కడున్నాడా?

ఊరేగింపులకు వచ్చు స్త్రీలు కూలికి వచ్చినవారని, బిరియానీ పొట్లమునకు వచ్చినవారని ఒక అపవాదు కలదు. పఠనాలయములలోని పెద్దమనుష్యులు కూడ దీనిని చప్పరించుచుందురు. కూలికి వచ్చు జనము కలరు. వారిలో మగవారును కలరు. వారిని తోలుకొనివచ్చు పార్టీల లెక్కలు వేరుగా తేల్చుకొందము. కాని ఒక పురుషుడు వీథికెక్కినచో సిద్ధాంతమని, స్త్రీ వీథికెక్కినచో ఎవరో పంపిరని అనుకొనుట ఏ సాక్ష్యముపై ఆధారపడినది? ఆరోపించినవాడే రుజువు చేయవలెనని మా కోర్టులలో నియమము.

తెలంగాణా సాయుధపోరాటమున పాల్గొన్న స్త్రీల మాటలను స్త్రీ శక్తి సంఘటనవారు సేకరించి 'మనకు తెలియని మన చరిత్ర' అను పేరున 1986లో గ్రంథముగా ప్రకటించిరి. బిడ్డలను పరుల చేతిలో పెట్టి అడవికి పోయినవారు, పోరాటము ముగియగానే ఇంటికి పొమ్మనిపించుకొన్నవారు అందులో మాటలాడుచున్నారు. నాయకుల స్వీయచరిత్రలలో వీరు అన్నము పెట్టిన చేతులుగా కనబడుదురు, అంతియే. ఆ గ్రంథమునకు సుమారు మూడున్నర దశాబ్దములు ఆలస్యమైనది. మనమును అంత ఆలస్యము చేయదలచితిమా?

వచ్చు నెలలో మన పట్టణమున మరియొక పాదయాత్ర జరుగనున్నది. ఏర్పాట్ల సంఘములో ఇప్పటికి తొమ్మండుగురు సభ్యులు, తొమ్మండుగురును మగవారు. ఈ వ్రాతగాడు తన స్థానమును ఒక స్త్రీకి విడిచిపెట్టుచున్నట్లు సంఘమునకు వ్రాసియిచ్చెను. ముందు వరుసలో నడుచువారెవరో ఆ సంఘములోని స్త్రీలే తేల్చవలెనని, లోనికి పోవు ప్రతినిధులలో సగముమంది స్త్రీలుండవలెనని, దారిలో ప్రతి రెండు మైళ్ళకును ఆడువారికి మరుగు ఏర్పాటు చేయనిదే బయలుదేరరాదని అందులో కోరితిని. తక్కిన ఎనమండుగురి ఉత్తరము ఇంకను రాలేదు.

పాత వాఙ్మూలముల కట్ట నా బీరువాలోనే యున్నది. నాడు కొట్టివేయించిన మాటలను ఆ స్త్రీల యిండ్లకు పోయి మరల అడిగి వ్రాసికొనుచున్నాను. అనుమతించినవారి మాటలను, పేరు వలదన్నవారి పేరు విడిచి, పై సంచికనుండి ఈ పుటలోనే ప్రకటింతుము.